తేమ మిషన్ అంకె తప్పినప్పుడు

(ఎల్లంతకుంట మండల రైతుల సమావేశంలో యాసంగి కోతలకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



మా కంటే ముందు మాట్లాడినవాళ్లు మద్దతు ధర గురించి, బోనస్ గురించి, గన్నీ సంచుల కొరత గురించి చెప్పారు. అవి ప్రతి సీజన్‌లో చెప్పుకునేవే, ఇంకా చెప్పుకోవాల్సినవే. మేము మాత్రం ఈ పూట ఒక చిన్న డబ్బా గురించి మాట్లాడతాం. చేతిలో పట్టుకుని తిరిగేంత డబ్బా. ఐదెకరాల రైతు కూడా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అదే, కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషన్.

మేమంటే మా ఊరి సంఘం కమిటీ. మాలో ఇంజనీర్ ఎవరూ లేరు. పదో తరగతి దగ్గర, ఇంటర్ దగ్గర ఆగినవాళ్లం. కానీ ముప్పై ఏండ్ల నుంచి స్టార్టర్ డబ్బాలు విప్పి బిగిస్తున్నాం. మోటరు నడవకపోతే కరెంటు ఉందా, ఫ్యూజు ఉందా, రిలే పడిందా, వైరు ఎక్కడ తెగింది అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడం మనకు ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. తేమ మిషన్‌ను కూడా అట్లనే చూడాలని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పోయిన వానాకాలం వడ్లప్పుడు ఒక కేంద్రంలో జరిగిన సంగతి చెప్తాం. ఏ ఊరన్నది వద్దు. మా సంఘం సభ్యుడొకరు నాలుగు రోజులు ఆరబోసిన వడ్లకు పొద్దున ఏడు గంటలకు తేమ చూస్తే 19 దాటింది. మధ్యాహ్నం రెండు గంటలకు అదే కుప్పకు 16 చిల్లర వచ్చింది. సాయంత్రం కాంటా పెట్టే వేళకు ఇంకో మిషన్ తెచ్చి చూస్తే 18. మిషన్‌ను మిల్లు వాళ్లు కొనేశారని మావోడు అన్నాడు. కింద పచ్చి వడ్లు కలిపినవని కేంద్రం పిల్లలు అన్నారు. మాటామాటా పెరిగింది. మేమూ పోయి అరిచినం. ఆ రాత్రి కాంటా కాలేదు. తెల్లారి జామున వాన పడి సగం కుప్ప కింద నుంచి తడిసింది.

ఆ రోజు అక్కడున్న ఇరవై మందిలో ఒక్కరం కూడా మిషన్‌ను ప్రశ్న అడగలేదు. మనుషులనే అనుమానించాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఆ మూడు అంకెల్లో రెండు నిజమే అయి ఉండొచ్చని తేలింది. అదెట్లనో కొద్దిసేపటికి చెప్తాం.

ముందు పైసల లెక్క. సర్కారు నాణ్యత ప్రమాణం ప్రకారం వడ్లలో తేమ 17 శాతం దాటొద్దు. మట్టి, రాళ్లు 1 శాతం, తాలు, గడ్డి 1 శాతం, ముడుచుకుపోయిన పొల్లు గింజలు 3 శాతం, ఇట్లా వేరే పరిమితులు కూడా ఉన్నాయి. వాటిని కంటితో చూసి, చేతిలో పోసుకుని కొట్లాడొచ్చు. తేమ కంటికి కనబడదు. అక్కడ డబ్బా మాటే చెల్లుతుంది.

ఇప్పుడు డబ్బా రెండు శాతం ఎక్కువ చూపిస్తుంది అనుకుందాం. అసలు 17 ఉన్న వడ్లకు 19 అంటుంది. దాని నోటి నుంచి 17 అనిపించాలంటే మనం వడ్లను అసలు 15 దాకా ఎండబోయాలి. 17 తేమ ఉన్న క్వింటాల్ వడ్లలో ఎండు సరుకు 83 కిలోలు. అదే 83 కిలోల సరుకు 15 తేమకు వస్తే మొత్తం బరువు 97 కిలోల 650 గ్రాములే. క్వింటాల్‌కు రెండు కిలోల మూడు వందల యాభై గ్రాములు గాలిలో కలిసిపోయింది. 2025-26 సీజన్‌కు ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయలు కాబట్టి, క్వింటాల్‌కు 56 రూపాయలు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండితే 1,400 రూపాయలు. ఐదెకరాలకు ఏడు వేలు. దీనికి తోడు రెండు మూడు రోజులు ఎక్కువ కాపలా, పట్టాల కిరాయి, కూలీ, మొగులు పట్టినప్పుడల్లా గుండెదడ. ఇదంతా ఏ తరుగు చిట్టీలోనూ రాయరు. సంచికి కిలో కోస్తే కొట్లాడతాం, ఇది మాత్రం మనకు తెల్వకుండనే పోతుంది.

డబ్బా తక్కువ చూపిస్తే లాభమే కదా అని కొందరు నవ్వుతారు. కేంద్రంలో 17 అని తీసుకున్న లారీ మిల్లుకు పోయి 19 అయితే, ఆ తేడా తిరిగి మన చిట్టీ మీదికే వస్తుంది. అప్పటికి వడ్లు మన చేతిలో ఉండవు, చూపించుకోను కుప్ప ఉండదు.

మిషన్‌ను ప్రశ్న అడగడం మేము నేర్చుకున్నది ఆ కేంద్రంలో కాదు, మా ఊరి కల్లంలో. మా కమిటీ సభ్యుడి కొడుకు పాలిటెక్నిక్ చదివి వచ్చాడు. అనంతగిరి దగ్గర 3.5 టీఎంసీల రిజర్వాయర్ వచ్చినంక మన దగ్గర వరి ఎంత పెరిగిందో మీకు ఎరుకే. వరితో పాటు కుప్పలూ పెరిగినయి. పచ్చి వడ్లు కుప్ప పోస్తే లోపల వేడెక్కి రంగు మారుతుంది. కుప్ప లోపలి వేడిని ఫోన్‌లో చూపించే బోర్డు తయారు చేస్తానని ఆ పిల్లవాడు అన్నాడు. చేశాడు కూడా. ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, దానికి స్టీలు మూతి ఉన్న వేడి సెన్సార్లు రెండు, పొలంలో పదును చూసే సెన్సార్ ఒకటి. మేము ముచ్చటపడి కల్లం కాడ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించాం.

మూడో రోజు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగింది. కుప్పలో వేడి 85 డిగ్రీలు! మేము పారలు, గంపలు పట్టుకుని ఉరికినం. ఆడవాళ్లు కూడా లేచి వచ్చారు. కుప్ప చీల్చి చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. ఒక పెద్దమ్మ ఆ పిల్లవాణ్ని చూసి, "కొడుకా, నీ డబ్బాకే జ్వరం వచ్చినట్టుంది, దానికి గోలీ ఎయ్యి" అన్నది. అందరం నవ్వినం. కానీ ఆమె చెప్పింది నిజం.

ఆ వేడి సెన్సార్ పేరు డీఎస్18బీ20. దానికి కరెంటు అందగానే, ఇంకా ఒక్కసారి కూడా కొలవకముందే, దాని లోపల 85 అనే అంకె రాసి ఉంటుంది. ఫ్యాక్టరీలోనే అట్ల పెడతారు. సరిగ్గా కొలవడానికి దానికి ముప్పావు సెకను కావాలి. ఆ లోపలే బోర్డు తొందరపడి అడిగినా, మధ్యలో కరెంటు ఒక్క క్షణం పడిపోయి సెన్సార్ మళ్లీ మొదటికి వచ్చినా, 85 అనే చెప్తుంది. అంటే 85 అన్నది వేడి కాదు. "నేను ఇంకా కొలవలేదు" అని అది చెప్పే మాట. మరుసటి రోజు అదే బోర్డు మైనస్ 127 చూపించింది. కరీంనగర్ జిల్లాల్లో మైనస్ 127 చలి ఎక్కడిది? సెన్సార్ అసలు పలకనప్పుడు బోర్డులోని ప్రోగ్రాం వేసే అంకె అది. వైరు ఊడింది, అంతే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రెండు అంకెలూ విడ్డూరంగా ఉన్నాయి కాబట్టి మాకు అనుమానం వచ్చింది. పిల్లవాడు మొదట ఏం చేశాడంటే, "కాకా, పదిసార్లు చూసి సగటు తీస్తే సరిపోతది" అని ప్రోగ్రాం మార్చాడు. అప్పుడు అంకెలు బుద్ధిగా వచ్చినయి. తర్వాత లెక్క వేస్తే భయమైంది. తొమ్మిదిసార్లు 31 వచ్చి, ఒక్కసారి ఆ దొంగ 85 వస్తే, సగటు 36 చిల్లర. 36 చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కుప్ప కొంచెం వేడెక్కింది, రేపు తిరగేద్దాం అనుకుంటాం. తప్పు పోలేదు, సగటు కింద దాక్కుంది. సగటు తీసే ముందు ఒక్కో అంకెనూ విడిగా చూడాలి. ఇది గుర్తుపెట్టుకోండి, కేంద్రం దగ్గర మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత మేమందరం కూర్చుని స్టార్టర్ డబ్బాను వెతికినట్టే ఆ బోర్డును వెతికినం.

ముందు కరెంటు. ఛార్జర్ దగ్గర మీటర్ పెడితే 5 వోల్టులు చక్కగా ఉంది. "కరెంటు మంచిగనే ఉంది కాకా" అన్నాడు. మేము ఒప్పుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ ఉన్నంత మాత్రాన కొసన ఉన్న బోరుకు వస్తదా? బోర్డు దగ్గర చూడమన్నాం, అదీ అది ఫోన్‌కు సందేశం పంపుతున్నప్పుడు. సన్నటి పొడుగు కేబుల్ వల్ల అక్కడ నాలుగు చిల్లరకు పడుతున్నది. వైఫై పలికే క్షణంలో ఆ బోర్డు ఎక్కువ కరెంటు గుంజుతుంది. గుంజినప్పుడల్లా సెన్సార్ తూలి పడి 85 అంటున్నది. కేబుల్ పొట్టిగా, లావుగా మార్చి, బోర్డు దగ్గర ఒక కెపాసిటర్ పెట్టాం. 85 పోయింది.

తర్వాత వైర్లు. ఈ సెన్సార్ కబురు తీగకు, కరెంటు తీగకు మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. లేకుంటే మాట తడబడుతుంది. రెసిస్టర్ పెట్టాడు గానీ టంకం వెయ్యకుండా గుచ్చి వదిలాడు. వదులైంది. టంకం వేయించాం. మైనస్ 127 పోయింది.

అయినా రోజుకు రెండు మూడుసార్లు అంకె ఎగురుతూనే ఉంది. ఎప్పుడెప్పుడని నోట్‌బుక్‌లో టైము రాయించాం. నాలుగు రోజులు రాస్తే తెలిసింది, పక్క బోరు మోటరు ఎత్తుకున్నప్పుడల్లా ఎగురుతున్నది. సెన్సార్ తీగను మోటరు కేబుల్‌తో కలిపి ఒకే పైపులో దూర్చాడు. మోటరు స్టార్ట్ అయ్యే దెబ్బకు పక్క తీగలో అల్లరి పుడుతుంది. తీగను వేరే దారిలో తెచ్చి, మోటరు కేబుల్‌ను దాటాల్సిన ఒక్క చోట అడ్డంగా దాటించాం. ఆగిపోయింది. టైము రాయకపోతే ఇది ఎన్నేండ్లకూ దొరికేది కాదు.

పొలంలో పదును సెన్సార్ కథ వేరే. దాని అంకె గాలిలో పెద్దగా, నీళ్లలో చిన్నగా, ఉల్టా ఉంటుంది. అది తెలియక మొదట నీళ్లు నిండిన మడిని ఎండిందని చదివినం. ఇంకో చిక్కు, ఈఎస్‌పీ32 బోర్డులో వోల్టేజీని అంకెగా మార్చే పిన్నులు రెండు వరుసలు. వైఫై నడుస్తున్నప్పుడు రెండో వరుస పనిచేయదు. మావాడు సెన్సార్‌ను సరిగ్గా ఆ వరుసలోనే పెట్టాడు. సెన్సార్‌ను రెండుసార్లు మార్చి, డబ్బులు పోగొట్టుకుని, చివరికి పిన్ను మారిస్తే నడిచింది. అప్పటి నుంచి మేము పెట్టుకున్న షరతు, ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు ఒకేసారి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. అంతకుముందు వాడిన రెండు ఇనుప పుల్లల సెన్సార్ సంగతి అడగొద్దు. తడి మట్టిలో ఎప్పుడూ కరెంటు పారితే పుల్లలు తినుకుపోతాయి, పంట కాలం కూడా నిలవలేదు.

అన్నీ అయినంక బోర్డు నిజం చెప్తున్నదా అని ఎట్ల తేల్చుకోవాలి? తెలిసిన వస్తువుతో పోల్చాలి. కూల్‌డ్రింకు దుకాణంలో ఐస్ తెచ్చి దంచి, కొద్దిగా నీళ్లు పోసి, సెన్సార్లు రెండూ ముంచినం. ఐస్ కరుగుతున్న నీళ్లు సున్నా డిగ్రీలు, అది ఎక్కడైనా అంతే. ఈ సెన్సార్‌కు అర డిగ్రీ తేడా తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నది. ఒకటి సున్నా పైన కొద్దిగా చూపింది. రెండోది మూడు చూపింది. ఎన్నిసార్లు ముంచినా మూడే. మాకు అప్పుడు అర్థమైంది, నిలకడ వేరు, నిజం వేరు. ఆ రెండో సెన్సార్ ఎంతో నిలకడగా అబద్ధం చెప్తున్నది. కిలో రాయిని అరిగించిన కోమటి కూడా రోజూ ఒకే తీరుగా తూస్తాడు కదా. (మన సభలో ఉన్న దుకాణదారులు కోపం తెచ్చుకోవద్దు, పాత కాలం మాట.)

ఇప్పుడు కొనుగోలు కేంద్రానికి పోదాం.

తేమ మిషన్ లోపల ఉండేది కూడా మా పిల్లవాడు కట్టినలాంటి మైక్రోకంట్రోలర్ బోర్డే. అది తేమను నేరుగా చూడదు. కొన్ని మిషన్లు గింజలను పిడి తిప్పి నలిపి, వాటి గుండా కరెంటు ఎంత పారుతుందో చూస్తాయి. నెమ్ము ఎక్కువ ఉంటే ఎక్కువ పారుతుంది. ఇంకొన్ని గింజలను కప్పులో పోయించుకుని, ఆ గింజల మధ్య విద్యుత్తు ఎంత నిలుస్తుందో చూస్తాయి. నీళ్లకు ఆ గుణం ఎండు గింజ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాని నుంచి, లోపల రాసి పెట్టిన పట్టిక చూసుకుని, ఇది వడ్లు, ఇంత వేడి మీద ఉన్నాయి, కాబట్టి తేమ ఇంత ఉండాలి అని అంచనా వేస్తుంది. తెర మీద కనిపించే 18.4 అంచనానే. ఆ పట్టికలో ఒక్కటి తప్పినా అంకె తప్పుతుంది.

అందుకే ముందు అడగాల్సింది, మిషన్ ఏ పంట మీద పెట్టి ఉంది అని. ఒకే మిషన్ బియ్యానికి, మక్కలకు, వడ్లకు వేరువేరు పట్టికలు వాడుతుంది. అంతకుముందు మక్కల కేంద్రంలో వాడి తెచ్చిన మిషన్‌ను వడ్లకు మార్చకుండా వాడితే అంకె ఎవరికి కావాలి? తెర మీద పేరో, నంబరో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూడండి, సిగ్గు ఏం లేదు.

రెండోది సెల్లు. బ్యాటరీ గుర్తు ఆఖరి గీత మీద మిణుకుమంటుంటే కొత్త సెల్లు వెయ్యమనండి. నాలుగు సెల్లు మనమే కొనిచ్చినా నష్టం లేదు. ఏడు వేల లెక్క ఇందాక విన్నారు.

అన్నిటి కంటే ఎక్కువ గొడవ వేడి దగ్గర వస్తుంది. ఏప్రిల్ ఎండలో టార్పాలిన్ మీది వడ్లు కాలిపోతుంటాయి. మిషన్ నీడలో చల్లగా ఉంటుంది. లేదా మిషన్‌ను బండి ట్యాంకు మీద ఎండలో పెట్టి, వడ్లను పట్టా కింది నుంచి తీస్తారు. మిషన్ తన ఒంటి వేడిని చూసుకుని గింజ వేడి కూడా అంతే అనుకుంటుంది. రెండూ వేరైతే లెక్క తప్పుతుంది. గింజలను మూత ఉన్న డబ్బాలో పోసి, మిషన్ పక్కనే నీడలో పావుగంట ఉంచి, అప్పుడు చూడాలి.

ఇప్పుడు ఆ రోజు వచ్చిన మూడు అంకెల సంగతి. పొద్దున ఏడు గంటలకు గింజల మీద మంచు ఉంది. మిషన్ ఆ పైతడిని కూడా చూసింది, 19 అన్నది. మధ్యాహ్నం రెండింటికి గింజ పైపొర బాగా ఎండింది, లోపలి నెమ్ము ఇంకా బయటకు రాలేదు. మిషన్ పైపొరను ఎక్కువ చూస్తుంది కాబట్టి 16 అన్నది. గింజను నీడలో కొన్ని గంటలు ఉంచితే లోపలి నెమ్ము పైకి వచ్చి సమానమవుతుంది. అందుకే సాయంత్రం 18. మొదటిదీ రెండోదీ ఆ వేళకు గింజ పైపొర చెప్పిన మాట. సాయంత్రానిది నిజానికి దగ్గర అనుకుంటున్నాం గానీ, అది వేరే మిషన్ కాబట్టి ఆ మిషన్ సరైనదా కాదా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్నే. మిషన్‌ను ఎవరూ కొనలేదేమో. వడ్లలో ఎవరూ పచ్చివి కలపలేదేమో. ఆ కేంద్రం పిల్లలకు మేము ఇప్పుడు ఈ సభలోనే చెప్తున్నాం, ఆ రాత్రి మేమన్న మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటాం. అన్నీ కాదు. వాన వచ్చేలా ఉందని తెలిసి కూడా పట్టాలు ఇయ్యకపోవడం మాత్రం మిషన్ తప్పు కాదు.

గింజలు తీయడం గురించి ఒక్కమాట. కుప్ప పైన ఒక పిడికెడు తీసి కప్పులో పోస్తే అది కుప్ప తేమ కాదు, పైపొర తేమ. మీద, నడుమ, అడుగున, అంచున, నాలుగైదు చోట్ల తీసి, ఒక బకెట్‌లో బాగా కలిపి, తాలు ఊది, అందులోంచి మూడుసార్లు చూడాలి. మూడు అంకెలూ పలక మీదో, పుస్తకంలోనో విడివిడిగా రాయాలి. మూడూ అర శాతం లోపల ఉంటే మిషన్ నిలకడగా ఉందని మేము లెక్కపెట్టుకుంటాం. ఒకటి 16, ఒకటి 17, ఒకటి 21 వస్తే సగటు 18 అని రాయొద్దు. 85 కథ గుర్తుందా? ఆ 21 ఎందుకు వచ్చిందో చూడాలి. కప్పు అడుగున పోయిన చూపు తడి గింజ అతుక్కుని ఉండొచ్చు. కప్పును పొడి గుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. నలిపే మిషన్ అయితే పిడిని ఎంత బిగించాలో దాని మీద గీత ఉంటుంది. ఒకాయన ఒడుపుగా తిప్పుతాడు, ఇంకొకాయన బలం కొద్దీ తిప్పుతాడు. బిగింపు మారితే అంకె మారుతుంది.

ఇదంతా నిలకడ కోసం. నిజం తేలాలంటే ఐస్ నీళ్లలాంటిది కావాలి. వడ్లకు ఐస్ నీళ్లు ఏవి? ప్రయోగశాలలో పిండి చేసిన గింజలను ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఎండబెట్టి, ముందు బరువుకూ తర్వాత బరువుకూ తేడా చూస్తారు. పోయిన బరువే తేమ. అందులో అంచనా లేదు, తూకమే. ధాన్యం తేమ మిషన్ల కోసం అంతర్జాతీయ తూనికల సంస్థ ఆర్ 59 అని ఒక ప్రమాణమే రాసి పెట్టింది. అంటే ఈ డబ్బాలను నమ్మకుండా పరీక్షించాలని ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతి. మన దగ్గర కాంటాకు ప్రతి ఏడూ ముద్ర వేయించాలని అడుగుతాం, ముద్ర లేకుంటే కేసు అంటాం. కిలో తరుగును చూసే కాంటాకు ఉన్న కాపలా, రెండు కిలోల మూడు వందల యాభై గ్రాములు మింగే డబ్బాకు ఎందుకు ఉండొద్దు?

అందుకని మా కమిటీ అడిగేది ఇది. సీజన్ మొదలయ్యే ముందు ఒకే రకం వడ్లు బాగా కలిపి, గాలి చొరని సీసాల్లో నింపి సీలు వేయాలి. అందులో ఒకటి ఓవెన్ పరీక్షకు పంపి, వచ్చిన అంకెను మిగతా సీసాల మీద రాయాలి. సిరిసిల్ల వ్యవసాయ కళాశాల ఉంది, జగిత్యాల దగ్గర పొలాస పరిశోధనా కేంద్రం ఉంది, వాళ్లను అడుగుదాం. ఒక్కో కేంద్రానికి అట్లాంటి సీసాలు కొన్ని ఇవ్వాలి. పొద్దున కాంటా మొదలయ్యే ముందు రైతుల ముందు మిషన్‌తో ఆ సీసా గింజలు చూడాలి. సీసా మీద 16 రాసి ఉండి మిషన్ 18 చూపితే, ఆ రోజు ఆ మిషన్ రెండు ఎక్కువ చెప్తున్నదని అందరికీ తెలుస్తుంది. ఒకసారి తెరిచిన సీసా గాలి తగిలి మారిపోతుంది, మరుసటి పూటకు ఇంకోటి తెరవాలి. అదే సీసాలు మిల్లు దగ్గర కూడా ఉండాలి. కేంద్రం మిషన్, మిల్లు మిషన్ ఒకే సీసాకు ఒకే మాట చెప్పినప్పుడే లారీ కదలాలి. లారీ పోయినంక వచ్చే తేడా రైతు చిట్టీ మీద వేయొద్దు. పుస్తకంలో టైము, మిషన్ నంబరు, మూడు రీడింగులు, రైతు సంతకం ఉండాలి. మా బోర్డు దొంగతనం టైము రాయడం వల్లనే దొరికిందని చెప్పాం కదా.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. మీ కుప్ప నుంచి కలిపిన గింజలు ఒక కిలో, రెండు పాలిథిన్ కవర్లలో గాలి లేకుండా గట్టిగా కట్టి, పేరు, టైము రాసి, నీడలో పెట్టుకోండి. గుడ్డ సంచిలో పెట్టొద్దు, గంటలో మారుతుంది. గొడవ వస్తే అదే మీ సాక్షి. మా కమిటీ దగ్గర ఒక మిషన్ ఉంది. అది కూడా తప్పు చెప్పొచ్చు, దాన్నీ పరీక్షకు పంపుతాం.

ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటి పెద్దోళ్ల నాటి నుంచి ఉన్నదే, వేరే దేశాల్లో కూడా రైతులు చేస్తారు. పొడి గాజు సీసాలో మూడో వంతు వడ్లు పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన పొడి ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత పెట్టి ఒక నిమిషం ఊపాలి. పావుగంట ఆగాలి. ఉప్పు సీసా గోడకు అతుక్కుంటే తేమ 15 దాటి ఉన్నట్టు. అతుక్కోకుండా జారిపోతే 15 లోపే. ఇది 16కూ 18కీ తేడా చెప్పదు, అందుకే దీన్ని పట్టుకుని కేంద్రంలో వాదించొద్దు. కానీ ఉప్పు పొడిగా జారిపోతున్న వడ్లకు మిషన్ 19 చూపిస్తే, ఆ మిషన్ సంగతి చూడాల్సిందే.

వేదిక పక్క బల్ల మీద రెండు సీసాలు పెట్టాం. ఒకదానిలో పోయిన వారం కోసిన వడ్లు, ఇంకోదానిలో ఇంట్లో నిల్వ ఉన్నవి. ఉప్పు వేసి ఇరవై నిమిషాలైంది. భోజనానికి లేచే ముందు వచ్చి ఊపి చూడండి. మా పిల్లవాడు బోర్డు కూడా తెచ్చాడు, ఐస్ కూడా ఉంది. కరగకముందే రండి.